ధాత కరువు ఛాయాచిత్రాలు: తీసినదెవరు, ఎక్కడ, ఏ పద్ధతిలో?

బడిపంతులు
సభ్యులందరికీ నమస్కారం. కర్నూలు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. పిల్లల కోసం పాత ఛాయాచిత్రాలతో చిన్న ప్రదర్శన ఏర్పాటు చేస్తుండగా ఒక సందేహం వచ్చింది. చర్మం ఎముకలకు అంటుకుపోయిన స్త్రీలు, పురుషులు, పిల్లలు ఒకచోట చేరి, కొందరు కూర్చుని, కొందరు నేలమీద ఒరిగి ఉన్న ఒక గుంపు చిత్రాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. అది నాకు వాట్సాప్‌లో ఒకసారి ‘1943 బెంగాల్ కరువు’ అన్న శీర్షికతోనూ, మరొకసారి ‘రాయలసీమ కరువు’ అన్న శీర్షికతోనూ, ఇటీవల ‘నిజాం పాలనలో ఆకలిచావులు’ అన్న శీర్షికతోనూ వచ్చింది. ఒకే చిత్రం మూడు చోట్ల, మూడు కాలాల్లో తీసినది కాజాలదు కదా. గోడకు ఎక్కించే ముందు దాని కింద ఏమి రాయాలో తేల్చుకోవాలి. చిత్రాన్ని ఇక్కడ జతపరుస్తున్నాను. తెలిసినవారు ఆధారంతో చెప్పగలరని మనవి.

గాజుపలక
పంతులుగారూ, ఇది 1876–78 నాటి మద్రాసు కరువు, అంటే మనవైపు ధాత కరువు అనేదాని చిత్రం. తీసినవాడు మద్రాసు సైన్యంలో అశ్వికదళ అధికారిగా పనిచేసిన విల్లోబీ వాలెస్ హూపర్ (1837–1912). ఆ కరువులో అతడు తీసిన చిత్రాల ప్రతులు లండన్‌లోని వెల్‌కమ్ సంగ్రహంలోనూ, లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియంలోనూ అతని పేరుతోనే ఉన్నాయి. రెండు సంస్థలూ వాటిని అంతర్జాలంలో చూపుతాయి కనుక మీరే పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

‘బెంగాల్’ అన్నది పొరపాటని గ్రహించడానికి అంతదూరం పోనక్కరలేదు, చిత్రాన్నే కాస్త పెద్దది చేసి చూడండి. పక్కటెముకలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగినంత స్పష్టత, ప్రతి మనిషీ ఊపిరి బిగబట్టి నిలిచినట్టున్న నిశ్చలత, ముందే నిర్ణయించిన అమరిక: ఇవి పెద్ద గాజుపలకల మీద, ముక్కాలి పీటపై నిలిపిన కెమెరాతో తీసిన కాలపు లక్షణాలు. 1943 నాటికి చేతిలో ఇమిడే ఫిల్ము కెమెరాలు వచ్చేశాయి. కలకత్తా కాలిబాటల మీద తీసిన ఆనాటి చిత్రాలలో దారిన పోయేవారు ఫ్రేములో సగం తెగిపోయి కనిపిస్తారు, గంజి గిన్నె అందుకునే చెయ్యి గాలిలోనే నిలిచిపోయి కనిపిస్తుంది. రెంటినీ ఒకసారి పక్కన పెట్టుకుని చూసినవారు మళ్ళీ పొరబడరు.

ఇక ‘రాయలసీమ’ అన్న మాట సంగతి. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఆ కరువుకు ఘోరంగా బలైన మాట నిజమే. అయితే ఈ చిత్రాలకున్న పాత శీర్షికలు ‘మద్రాసు కరువు’ అనే చెబుతున్నాయి. అందులో ఉన్నవారు మన సీమవారే అని రాయడానికి చిత్రంలో ఏ ఆధారమూ లేదు. నిజాం రాజ్యంతో వీటికి సంబంధమే లేదు.

లష్కర్‌వాసి
గాజుపలకగారు చెప్పినదానికి నాలుగు మాటలు చేరుస్తాను. హూపర్ కరువునాడు హఠాత్తుగా కెమెరా పట్టినవాడు కాదు. 1868–75 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువడిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అనే ప్రభుత్వ ప్రచురణకు, అంటే దేశంలోని కులాలను, తెగలను రకాలుగా విభజించి ఒక్కో రకానికి ఒక్కో నమూనాగా మనుషులను చూపిన ఆ గ్రంథానికి, అతడు చాలా చిత్రాలు సమకూర్చాడు. ఆ తరువాత వెస్టర్న్ అనే సైనిక పశువైద్యుడితో కలిసి పులివేటను మొదటినుంచి చివరిదాకా ఒక కథలా అమర్చి, వరుస చిత్రాలుగా తీసి అమ్మకానికి పెట్టాడు. కనుక కరువు శిబిరం ముందు కెమెరా నిలిపేనాటికే మనుషులను వరుసలో కూర్చోబెట్టడం, దృశ్యాన్ని రచించడం అతనికి అలవాటైన పనులు. ఆ అలవాటు ఈ చిత్రాల నిండా కనిపిస్తుంది.

ఎర్రనేల
అలవాటు అని అంత మెత్తగా చెప్పి ఊరుకోవడం నాకు మింగుడుపడడం లేదు. ప్రాణం పోయే స్థితిలో ఉన్నవారిని గుమికూర్చి, పొట్టివారిని ముందు, పొడుగువారిని వెనుక నిలిపి, బట్ట పక్కకు జరిపి పక్కటెముకలు కనిపించేలా కూర్చోబెట్టి తీసిన చిత్రం ఇది. పెళ్ళి ఫొటోకు పాటించే క్రమాన్ని చావు ముంగిట పాటించారు. అమర్చి తీసిన చిత్రాన్ని చరిత్రకు సాక్ష్యమని పిల్లలకు చూపడం సబబేనా? తీసినవాడి దృష్టిలో వారు మనుషులు కారు, నమూనాలు. ఒక్కరి పేరైనా రాయలేదు, ఒక్కరి ఊరైనా రాయలేదు. పంతులుగారూ, నా సలహా అడిగితే ఆ చిత్రాన్ని ప్రదర్శననుంచి తీసివేయండి.

గాజుపలక
ఎర్రనేలగారి కోపం న్యాయమైనదే. అయినా ‘అమర్చారు కనుక సాక్ష్యం కాదు’ అన్న మాట దగ్గర ఆగవలసి ఉంది, ఎందుకంటే ఆ కాలంలో అమర్చకుండా ఇటువంటి గుంపు చిత్రం తీయడం సాధ్యమయ్యేదే కాదు.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి పలక పద్ధతే 1870ల చివరివరకూ ఛాయాగ్రాహకులకు ఆధారం. నేను సరదాగా ఈ పద్ధతి నేర్చుకుని కొన్ని పలకలు తీసినవాణ్ణి కనుక కాస్త వివరంగా చెబుతాను. శుభ్రంగా తుడిచిన గాజుపలకను మునివేళ్ళ మీద నిలిపి, కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని ఒక మూలన పోసి, పలకను నాలుగు వైపులకూ వంచుతూ పల్చగా పరచి, మిగిలినదాన్ని మళ్ళీ సీసాలోకి వంచుకోవాలి. అది పూర్తిగా ఆరకముందే చీకటి గుడారంలోకి తీసుకుపోయి సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కొద్ది నిమిషాలు ముంచాలి. పైకి తీసినప్పుడు పలక పాలమీగడ రంగులోకి తిరిగి ఉంటుంది. వెలుతురు తగలని చెక్క చట్రంలో దాన్ని బిగించి, నీళ్ళు ఓడుతుండగానే కెమెరాలో పెట్టి, కటకం మూత తీసి, కొన్ని సెకన్లు మనసులో లెక్కపెట్టుకుని మూత వేసి, మళ్ళీ గుడారంలోకి పరుగెత్తి, బొమ్మను పైకి తేల్చే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) ద్రావణం పోయాలి. పలక ఆరిపోతే చిత్రమే లేదు. మన ఎండలకు అది ఎంత త్వరగా ఆరుతుందో చెప్పనక్కరలేదు. ఆ గుడారంలో ఈథర్ వాసనకు తల దిమ్మెక్కుతుంది, వేళ్ళు నల్లబడి వారాల తరబడి వదలవు.

పైగా ఆనాడు చిన్న పలకనుంచి పెద్ద ప్రతి తీయడం అరుదు. పలక ఎంత ఉంటే కాగితం మీద చిత్రమూ అంతే. అందువల్ల కెమెరా పెట్టెంత ఉండేది, సామాను మోయడానికి బండి, కూలీలు కావాలి. ఇంత తతంగం ఎదుట కూర్చున్నవారికి తెలియకుండా జరగదు. వారిని ఎవరో పిలిచారు, ఎవరో కూర్చోబెట్టారు, కదలవద్దని ఎవరో చెప్పారు. అమరిక అంతా తీసినవాడిదే. ఆ డొక్కలు మాత్రం అతడు అమర్చినవి కావు.

లెక్కలపద్దు
నేను ఛాయాచిత్రాల మనిషిని కాను, పాత ప్రభుత్వ నివేదికలు చదివే అలవాటున్నవాణ్ణి. ఆ డొక్కలు అలా ఎందుకయ్యాయో తెలియకుండా చిత్రం గురించిన చర్చ ముందుకు సాగదు కనుక ఆ వైపునుంచి కొంత రాస్తాను. కాస్త దీర్ఘమవుతుంది, మన్నించాలి.

1876లో నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ మొహం చాటేశాయి. మరుసటి ఏడు కూడా వానలు ఆలస్యమయ్యాయి. ఆ సంవత్సరాలలో బలమైన ఎల్ నినో (పసిఫిక్ సముద్రజలాలు వేడెక్కి మన వానలను దెబ్బతీసే పరిణామం) ఉన్నదని నేటి వాతావరణ శాస్త్రజ్ఞులు తేల్చారు. అయితే వానలు లేకపోవడం వేరు, అన్నం లేకపోవడం వేరు. కడప, గుత్తి, ఆదోని మీదుగా రాయచూరు దాకా రైలుమార్గం 1871 నాటికే పూర్తయింది. ధాన్యం రైళ్ళలో కదిలింది కూడా. కానీ పంట పోయి, పశువులు పోయి, కూలి దొరకని మనిషికి ఆ ధాన్యం కొనే శక్తి లేదు. ధరలను అదుపు చేయడం వ్యాపార స్వేచ్ఛలో జోక్యం చేసుకోవడమవుతుందని నాటి వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం పట్టుబట్టింది. 1877 జనవరి 1న విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించిన ఢిల్లీ దర్బారు ఈ కరువు మధ్యలోనే జరిగింది.

మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు ఖర్చు ఎక్కువ చేస్తున్నాడన్న అనుమానంతో లిట్టన్ ప్రభుత్వం సర్ రిచర్డ్ టెంపుల్‌ను ప్రతినిధిగా పంపింది. టెంపుల్ చరిత్ర ఆసక్తికరమైనది. 1873–74లో బీహారు కరువు వచ్చినప్పుడు ఇతడే బర్మానుంచి బియ్యం తెప్పించి, ఆకలిచావులు దాదాపు లేకుండా నెట్టుకొచ్చాడు. అందుకు మెప్పు రాకపోగా, దుబారా చేశాడని ఇంగ్లండు పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆ మచ్చ తుడుచుకోవడానికి కాబోలు, మద్రాసుకు వచ్చినప్పుడు చెయ్యి బిగించాడు. కరువు పనుల్లో రోజంతా రాళ్ళు కొట్టి, మట్టి మోసే మగమనిషికి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానిపైన ఒక అణా. ఆడవారికి, పనిచేసే పిల్లలకు ఇంకా తక్కువ. దీనికే ‘టెంపుల్ కూలి’ అని పేరు వచ్చింది.

మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి డాక్టర్ కోర్నిష్ ఇది మనిషి బతకడానికి చాలదని ఎదిరించాడు. కనీసం ఒకటిన్నర పౌన్ల ధాన్యం, దానితోబాటు పప్పు, కూరగాయలు ఉండాలని వాదించాడు. శిబిరాలలో మరణాలు పెరుగుతూ ఉండగా మద్రాసు ప్రభుత్వం 1877లో మధ్యేమార్గంగా ఒకటింపావు పౌన్లు, కొద్దిగా పప్పు ఇచ్చేందుకు ఒప్పుకుంది. హూపర్ చిత్రాలలోని శరీరాల వెనుక ఈ బేరం ఉంది.

ఫలితం జనాభా లెక్కల్లో కనిపిస్తుంది. 1871లో 9 లక్షల పైచిలుకు జనంతో ఉన్న కర్నూలు జిల్లా 1881 నాటికి 7 లక్షల లోపుకు పడిపోయింది. అంటే నాలుగింట ఒక వంతు తరుగు. చనిపోయినవారూ, వలసపోయినవారూ, కరువు కారణంగా పుట్టనివారూ ఆ తరుగులో ఉన్నారు.

సీమపల్లె
లెక్కలపద్దుగారికి ధన్యవాదాలు. మావైపు దీన్ని ధాత కరువనే అంటారు. 1876–77 తెలుగు లెక్కలో ధాత నామ సంవత్సరం కావడంవల్ల ఆ పేరు నిలిచింది. మా అవ్వ తన అత్తగారి నోట విన్న మాటలని చెప్పేది: నాగజెముడు పళ్ళు ముళ్ళు గీకి తినేవారట, చింతగింజలు వేయించి పొట్టు తీసి దంచుకునేవారట, చీమల పుట్టలు తవ్వి చీమలు దాచుకున్న గింజలు ఏరుకునేవారట. ఇంటిలో అన్నం వదిలిపెట్టే పిల్లలను ‘ధాత కరువు చూసుంటే తెలిసేది’ అని గదమాయించడం నా చిన్నతనంలో కూడా ఉండేది.

ఒక ప్రశ్న. కరువులో వేలమందికి అన్నం పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారిది ఈ కాలమే కదా? ఆయన గురించి కూడా ప్రదర్శనలో పెడితే బాగుంటుంది.

లెక్కలపద్దు
సీమపల్లెగారూ, వెంగళరెడ్డిగారి అన్నదానం 1866 కరువునాటిది, ధాత కరువుకు పదేళ్ళు ముందు. విక్టోరియా రాణి పేరిట బంగారు పతకం వచ్చింది దానికే. ఈ రెండు కరువులనూ కలిపి చెప్పడం పుస్తకాల్లో కూడా కనిపిస్తుంది కనుక పంతులుగారు సంవత్సరం విడిగా రాయడం మంచిది.

చాదర్‌ఘాట్
పాత ఛాయాచిత్రాల మాట వచ్చింది కనుక 1908 మూసీ వరద చిత్రాలు కూడా ఇక్కడ చర్చించవచ్చా?

నిర్వాహకుడు
చాదర్‌ఘాట్‌గారూ, మూసీ వరద చిత్రాలకు వేరే చర్చ తెరవగలరు. అది కూడా ఎంతో చర్చించదగినదే. ఇక్కడ కరువు చిత్రాలకే పరిమితమవుదాం.

కోటగుమ్మం
అమర్చి తీయడం గురించి గాజుపలకగారు చెప్పినది బాగుంది. అయితే అమరికలో కూడా తారతమ్యాలు ఉన్నాయి. 1857 నవంబరులో లక్నో సికందర్ బాగ్‌లో కాంప్‌బెల్ నడిపిన బ్రిటిష్ సేనలు సుమారు రెండువేలమంది తిరుగుబాటు సిపాయీలను చంపాయి. ఫెలీస్ బియాటో అనే ఛాయాగ్రాహకుడు అక్కడికి చేరింది మరుసటి వేసవిలో. అప్పటికి నెలలు గడిచిపోయాయి. అయినా అతని చిత్రంలో శిథిల భవనం ముందు ఆవరణ అంతా పుర్రెలు, ఎముకలు పరచుకుని ఉంటాయి. చిత్రం కోసం ఎముకలను బయటికి తీయించి పరిపించాడని ఆ కాలపువారే రాశారు. అంటే జరిగిపోయిన సంఘటనను అతడు రంగస్థలం మీద మళ్ళీ ఆడించాడు. చంపడం నిజం, భవనం నిజం, ఎముకలూ నిజమే కావచ్చు, ఆ దృశ్యం మాత్రం ఆ రూపంలో అక్కడ లేదు.

హూపర్ చేసినది అది కాదు. కెమెరా ముందు ఉన్నవారు ఆ క్షణాన ఆకలితో ఉన్నవారే. అందువల్ల నా దృష్టిలో హూపర్ చిత్రం సాక్ష్యంగా బియాటో చిత్రంకంటే గట్టిది. మనిషిగా హూపర్ బియాటోకంటే మేలా అన్నది వేరే విషయం.

లష్కర్‌వాసి
ఆ వేరే విషయానికి మాండలేలో జవాబు దొరుకుతుంది. మూడో బర్మా యుద్ధం తరువాత, 1886 ఆరంభంలో, హూపర్ మాండలేలో సైనిక పోలీసు అధిపతిగా ఉన్నాడు. బందిపోట్లన్న ముద్రతో బర్మీయులను గోడకు నిలబెట్టి కాల్చే పని అతని ఆధ్వర్యంలోనే జరిగేది. ఆ దృశ్యాలను అతడు ఛాయాచిత్రాలు తీశాడు. ‘కాల్చండి’ అన్న ఆజ్ఞకూ తుపాకులు పేలడానికీ మధ్య, తన పలక సిద్ధమయ్యేవరకు ఆలస్యం చేయించాడని లండన్ ‘టైమ్స్’ విలేఖరి రాయడంతో బ్రిటిష్ పార్లమెంటు దాకా గగ్గోలు రేగింది. విచారణ జరిగింది. బహిరంగ మందలింపు, కొంతకాలం జీతంలో కోత: అంతటితో సరిపెట్టారు. మరుసటి ఏడు అతని బర్మా చిత్రాలు నూరు ఒక సంపుటంగా అచ్చయ్యాయి కూడా.

కరువు చిత్రాలను చూసేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలంటాను. చావును ఎదుట పెట్టుకుని వెలుతురు లెక్క చూసుకోగల స్వభావం అతనికి మాండలేలో కొత్తగా వచ్చినది కాకపోవచ్చు.

ఎర్రనేల
నేను చెప్పదలచుకున్నది లష్కర్‌వాసిగారు నాకంటే నిబ్బరంగా చెప్పారు. మాండలే సంగతి తెలిశాక ‘తీసివేయండి’ అన్న నా సలహా మరింత గట్టిపడాలి. అయినా లెక్కలపద్దుగారి పౌను ధాన్యం లెక్క చదివాక ఆలోచన కాస్త మారింది. చిత్రాన్ని ఒంటరిగా వేలాడదీస్తే అది హూపర్ చిత్రమే అవుతుంది, చూసినవారు అయ్యో అనుకుని తరువాతి గోడకు పోతారు. దాని పక్కన టెంపుల్, కోర్నిష్‌ల వాదం పెడితే అది వేరే చిత్రం. అప్పుడు కూడా ఒక షరతు: పిల్లలున్న చిత్రాలను పెద్ద తరగతులవారికే చూపండి, ప్రవేశద్వారం దగ్గర పెట్టకండి.

టేమ్స్ ఒడ్డు
అందరికీ నమస్కారం. లండన్‌లో ఉంటాను, పాత కాగితాల సంరక్షణ నా వృత్తి. ఇటువంటి ప్రతులు చేతికి వచ్చినప్పుడు ఎలా ఉంటాయో చెబితే పంతులుగారికి ఉపయోగపడవచ్చు. అవి కోడిగుడ్డు తెల్లసొన పూసిన పల్చటి కాగితం మీద, ఎండలో పలకకు ఆనించి అచ్చువేసినవి. కాగితం పల్చన కావడంవల్ల చుట్టుకుపోకుండా దళసరి అట్టమీద అంటించేవారు. నలుపు తెలుపులుగా ఉండవు. నీడలు వంగపండు ఛాయ కలిసిన గోధుమరంగులో, తెల్లని చోట్లు కాలం గడిచి పచ్చబారి ఉంటాయి. ఏటవాలు వెలుతురులో చూస్తే పైపొరలో సన్నని పగుళ్ళు అల్లుకుని కనిపిస్తాయి. అంచులు లోపలికన్నా ముందు వెలిసిపోతాయి.

మీకు వాట్సాప్‌లో వచ్చినది పూర్తి నలుపు తెలుపుగా ఉండి, అంచులు కోసేసి ఉన్నదంటే ఎవరో దాన్ని ‘బాగుచేశారు’. అట్టమీద శీర్షిక పోయింది అక్కడే. ఈ వరుసలో ఒక చిత్రానికి ‘ఉచిత సాయానికి అర్హులు’ అన్న అర్థం వచ్చే ఆంగ్ల శీర్షిక ఉంది. అంటే పనిచేసే శక్తి కూడా లేనందున కూలి లేకుండా అన్నం పెట్టదగినవారని. కరువు పాలనలో అది ఒక అధికారిక తరగతి. పని చేయగలవాడు రాయి కొట్టాలి, చేయలేనివాడు అర్హత నిరూపించుకోవాలి. చిత్రంలో బట్ట జరిపి డొక్కలు చూపించడానికి గల కారణం ఆ శీర్షికలోనే ఉందని నా అభిప్రాయం. ఎర్రనేలగారు పేర్లు లేవన్నారు. నిజమే, ఉన్నది అర్హత ఒక్కటే. కనుక సంస్థల సంగ్రహాలనుంచి పూర్తి ప్రతినే దించుకోండి, అంచులూ అట్టా కనిపించేలా అచ్చు వేయించండి.

చాదర్‌ఘాట్
నిర్వాహకులవారు అనుమతిస్తే ఈసారి కరువు గురించే రాస్తాను. ‘నిజాం పాలనలో ఆకలిచావులు’ అన్న తప్పుడు శీర్షిక గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు. నిజాం రాజ్యపు కరువుకు కూడా ఛాయాచిత్రాలు ఉన్నాయి, అవి పూర్తిగా వేరు రకం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టి, చివరకు సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, 1905లో మరణించిన మహానుభావుడు. 1899–1900 కరువులో ఔరంగాబాదు వైపు నిజాం ప్రభుత్వం జరిపిన సహాయక చర్యలను అతని సంస్థ చిత్రించింది.

ఆ చిత్రాలలో జనం బారులు తీరి కూర్చుని ఉంటారు, తలపాగాల అధికారులు నిలబడి పర్యవేక్షిస్తూ ఉంటారు. కెమెరా దూరంగా నిలిచి శిబిరాన్నంతా ఒకే చూపులో పట్టుకుంటుంది. హూపర్ శరీరాన్ని చూపాడు, దీన్ దయాళ్ పాలనను చూపాడు. ప్రభుత్వం మంచిపని చేస్తున్నదని చెప్పడమే ఆ సంపుటాల ఉద్దేశం కనుక ఆకలి వెనక్కి తగ్గి, క్రమశిక్షణ ముందుకు వచ్చింది. ఎవరి కోసం తీశారో తెలిస్తే ఏమి కనిపించదో కూడా ఊహించవచ్చు. దీన్ దయాళ్ అంటే నాకు ఎంతో గౌరవం, అయినా ఆ సంపుటాలను చూస్తూ ‘కరువు బాగానే గడిచిందన్నమాట’ అనుకునే ప్రమాదం ఉంది.

గాజుపలక
చాదర్‌ఘాట్‌గారి పోలిక బాగున్నది. ఇంకొక చిన్న తేడా: దీన్ దయాళ్ కాలానికి ముందే సిద్ధం చేసుకున్న పొడి పలకలు బజారులో దొరికేవి. అంతమందిని ఒకే చిత్రంలో పట్టడం తడి పలకతో చాలా కష్టం. హూపర్ గుంపులు చిన్నవిగా ఉండడానికి అదొక కారణం కావచ్చు.

బడిపంతులు
ఇంత సమాచారం వస్తుందని ఊహించలేదు. అందరికీ కృతజ్ఞతలు. శీర్షిక ఇలా అనుకుంటున్నాను: ‘మద్రాసు కరువు (ధాత కరువు), 1876–78. ఛాయాగ్రాహకుడు: డబ్ల్యూ. డబ్ల్యూ. హూపర్. తడి గాజుపలక పద్ధతి. చిత్రంలోనివారి పేర్లు నమోదు కాలేదు.’ పక్కన టెంపుల్ కూలి వివరం, 1871, 1881 కర్నూలు జనాభా. వీటికి తోడు 1943 బెంగాల్ చిత్రం ఒకటి పెడితే రెండు కరువుల తేడా పిల్లలకు తెలుస్తుందా, లేక గందరగోళమవుతుందా?

కోటగుమ్మం
తప్పక పెట్టండి. 1877 నాటి పత్రికలు ఛాయాచిత్రాన్ని నేరుగా అచ్చువేయలేకపోయేవి. ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ వంటివి చిత్రకారులచేత చెక్కమీద చెక్కించి అచ్చువేసేవి. అందువల్ల హూపర్ చిత్రాలు ఆల్బములలో, కొద్దిమంది చేతుల్లో తిరిగాయి. 1943లో పరిస్థితి మారింది. యుద్ధకాలపు ఆంక్షలు ఉన్నప్పటికీ కలకత్తాలోని ‘ది స్టేట్స్‌మన్’ సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ ఆగస్టు 22న కలకత్తా వీధుల్లోని ఆకలిచావుల చిత్రాలను అచ్చువేశాడు. ప్రభుత్వం కరువన్న మాటే ఎత్తని రోజులవి. ఛాయాగ్రాహకుడు సునీల్ జానా పల్లెల్లో తిరిగి తీసిన చిత్రాలు కమ్యూనిస్టు పార్టీ పత్రిక ‘పీపుల్స్ వార్’లో వచ్చాయి. హూపర్ చిత్రం అధికారుల ఇళ్ళకు చేరింది, స్టేట్స్‌మన్ చిత్రాలు జనం చేతికి చేరి ప్రభుత్వాన్ని నిలదీశాయి. ఈ రెండు దారులనూ ఒక బాణం గుర్తుతో చూపితే ఎనిమిదో తరగతి పిల్లవాడికైనా అర్థమవుతుంది.

ఎర్రనేల
పంతులుగారూ, మరొక సూచన. చిత్రం కింద బల్ల వేసి, 450 గ్రాముల జొన్నలు తూచి ఒక పళ్ళెంలో పోయండి. పక్క పళ్ళెంలో కోర్నిష్ అడిగిన 680 గ్రాములు, పప్పు, కూరగాయలు పెట్టండి. రెండు పళ్ళేల మధ్య తేడా ఎంతో పిల్లలు చేత్తో పట్టుకుని చూస్తారు.

లెక్కలపద్దు
సూచన బాగున్నది. మొదటి పళ్ళెంలో ఒక అణా కూడా చూపండి. అది లేకుండా 450 గ్రాములే ఇచ్చారంటే లెక్క అసంపూర్తి అవుతుంది, ఎవరైనా తెలిసినవారు వచ్చి తప్పుపట్టే అవకాశం ఉంటుంది. రూపాయికి పదహారు అణాలని పిల్లలకు తెలియదు కనుక అది కూడా రాయండి. కరువు ధరల్లో ఆ అణాకు ఉప్పు, మిరపకాయ, వంటచెరకు పోగా మళ్ళీ ధాన్యం కొనడానికి ఏమి మిగిలేదో వారిచేతనే లెక్క కట్టించవచ్చు. ఆడమనిషి కూలి దీనికన్నా తక్కువని మూడో వరుసలో రాయడం మరవకండి.